ఒక అణా ఫలహారము: త్యాగరాయశెట్టిగారి నగరసేవపై విమర్శ

చెన్నపట్టణమునందలి త్యాగరాయనగరమును నేడు జనులు 'టీ నగర్' అనియే పిలుచుచున్నారు. పట్టుచీరలకును బంగారు నగలకును పేరొందిన ఆ పేటలో ఒక తెలుగువాని పేరు ఒక్క యక్షరమునకు కుదించుకొనిపోయినది. మనవారిలో కొందఱు దీనికై వగచుచుందురు. నాకు మాత్రము వేఱొక కొఱత పెద్దదిగా తోచుచున్నది. సభలలో శెట్టిగారిని కీర్తించునపుడు మనము 1916 నాటి జస్టిస్ పక్షస్థాపనమును, 1920లో ఆయన ప్రథమ మంత్రి పదవిని కాదనుటను చెప్పి, ఆయన చేసిన మేలైన పనిని ఒక వాక్యములో దాటివేయుదుము.

1852లో జన్మించిన పిట్టి త్యాగరాయశెట్టిగారు తెలుగు దేవాంగులు. నేతవారి కష్టసుఖములెఱిగిన ఉత్తర చెన్నపట్టణవాసి. మదరాసు కార్పొరేషనునకు అధ్యక్షుడైన తొలి అనధికారి ఆయనయే. ఆయన అధ్యక్షతన 1920లో కార్పొరేషను సభ చిన్న తీర్మానమొకటి చేసెను. థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను పాఠశాలలో బాలురకు మధ్యాహ్నము ఫలహారము పెట్టవలెను. తలకు దినమునకు ఒక అణా మించరాదు. రూపాయిలో పదునాఱవ వంతు! పేదపేటలో బడి వెలవెలబోవుటకు కారణము చదువుపై అనాదరము కాదు, ఆకలియే యని గుర్తించుట యందున్నది ఆ తీర్మానపు విలువ. బడి కట్టిన చాలును, పిల్లలు తామై వత్తురని నమ్మువారు నాడును కలరు, నేడును కలరు.

పిమ్మట మఱి నాలుగు పాఠశాలలకు ఈ యేర్పాటు విస్తరించెను. 1922–23లో 811గా నున్న బాలుర సంఖ్య 1924–25 నాటికి 1,671 అయ్యెను. ఐనను ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదని ప్రభుత్వము అడ్డుపడగా 1925 ఏప్రిల్ 1న ఇది నిలిచిపోయెను. శెట్టిగారు మరణించినదియు ఆ సంవత్సరముననే. పేటకు ఏది కావలయునో పేటను పాలించువారికి తెలిసినను, నిధిపై అధికారము పైవారిదైనచో ఫలితమిట్లే యుండును. 1956లో కామరాజుగారి ప్రభుత్వము మధ్యాహ్నభోజనమును రాష్ట్రవ్యాప్తము చేయువఱకు ఈ యూహకు తగిన అండ దొరకలేదు.

ఇంతవఱకు ప్రశంస. దీనితో ఆగినచో అది విమర్శ కాదు, వందిమాగధుల పనియగును.

1921లో బకింగ్‌హాం–కర్ణాటిక్ మిల్లుల సమ్మెలో సవర్ణ కార్మికులకును ఆదిద్రావిడులకును చీలిక వచ్చి, పులియాంతోపులో ఇండ్లు తగులబడెను, కాల్పులు జరిగెను. అప్పుడు జస్టిస్ పక్షపత్రిక, కార్మికశాఖాధికారులు ఆదిద్రావిడులను మితిమీఱి గారాబము చేయుటయే అనర్థమునకు కొంత కారణమని వ్రాసెను. ఆ పక్షమునకు నాయకులు శెట్టిగారే. థౌజండ్ లైట్స్ బాలుని ఆకలిని కనుగొన్న చూపు పులియాంతోపు గుడిసెల వఱకు ఏల సాగలేదు? సమ్మె కాలపు ఉద్రేకమని సమాధానము చెప్పవచ్చును గాని, నాకది చాలదు. నగరమంతటికి అధ్యక్షుడైనవాడు ఒక పేటకు తండ్రియై మఱొక పేటకు ప్రతివాది కారాదు. ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో ఆ పక్షమును విడిచిపోయెను.

మన సంచికలలో శెట్టిగారి జీవితమును వ్రాయువారు అణా ఫలహారమును, పులియాంతోపును ఒకే ప్రకరణమున నుంచి వ్రాయవలెనని నా మనవి.