విశేషమేమీ లేదు

మన సంఘం కథల పోటీకి వచ్చే కథల్ని మొదటి వడపోత చేసే పని రెండేళ్ళ పాటు నా మీద పడింది. పగలు కోడు రాసుకుని, రాత్రిపూట కథలు చదవడం. పిల్లల కోసం ఎదురుచూసే దంపతుల మీద ఆ రెండేళ్ళలో మూడు కథలొచ్చాయి. మూడూ శ్రద్ధగా రాసినవే. మూడింట్లోనూ చివరి పేరాలో, బాత్‌రూంలో, టెస్టు పుల్ల మీద రెండో గీత కనపడింది. ఒక కథలో అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన ప్రసాదం తిన్నాక, ఒక కథలో ఎవరినైనా పెంచుకుందామని నిశ్చయించుకున్న మర్నాడు, ఇంకో కథలో 'టెన్షన్ మానేసి' హవాయి వెళ్ళొచ్చాక. రచయితలు ముగ్గురూ ఒకరికొకరు తెలియనివాళ్ళు. అయినా ముగింపు మాత్రం ఒకటే. ఇది ముగ్గురి లోపం కాదనీ, మనందరికీ ఎక్కడినుంచో వచ్చిన అలవాటనీ నాకనిపించింది. ఆ అలవాటు ఎక్కడిదో చూద్దామని ఈ వ్యాసం.

చిన్నప్పుడు చందమామ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాజుకి రాజ్యం ఉంది, ధనం ఉంది, అనుకూలవతి అయిన భార్య ఉంది, సంతానం మాత్రం లేదు. అంతే, ఒక్క వాక్యం. రెండో వాక్యంలో సాధువు వస్తాడు, మూడో వాక్యంలో మామిడిపండు ఇస్తాడు, పేరా పూర్తయ్యేసరికి యువరాజుకి పదహారేళ్ళు. కథ యువరాజుది కాబట్టి అంతకంటే అక్కర్లేదని వాదించవచ్చు. నిజమే. కానీ వందల కథలు అలాగే మొదలైతే, ఆ ఎదురుచూపు అసలు కథ కాదనీ, కథకి ముందుండే ఖాళీ జాగా అనీ మనకు అలవాటైపోతుంది.

వాల్మీకి దగ్గరకే వెళ్దాం. దశరథుడి వయసు అరవై వేల ఏళ్ళని బాలకాండలో ఆయన నోటే వింటాం. ఆ వేల ఏళ్ళ ఎదురుచూపు ఎన్ని శ్లోకాల్లో ఉంది? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదే అశ్వమేధం ఏర్పాట్లూ, ఋశ్యశృంగుణ్ణి పిలిపించిన వైనం సర్గలకు సర్గలు నడుస్తాయి. పాయసం పంపకమైతే లెక్క తప్పకుండా ఉంటుంది: కౌసల్యకు సగం, మిగిలిన సగంలో సగం సుమిత్రకు, ఆ మిగిలినదాంట్లో సగం కైకేయికి, ఆఖరి భాగం మళ్ళీ సుమిత్రకు. కూడి చూశాను, సరిగ్గా ఒకటే వస్తుంది. (ఇంజినీరు బుద్ధి, క్షమించాలి.) గిన్నె చేతిలోకి వచ్చేముందు ఆ ముగ్గురు ఆడవాళ్ళు ఏం అనుకున్నారన్నది మాత్రం బాలకాండలో లేదు.

అయితే వాల్మీకి గొప్పవాడు. ఎక్కడో అయోధ్యకాండలో, రాముడు అడవికి వెళ్తున్నానని చెప్పిన రోజున, కౌసల్య నోట ఒక మాట పలికిస్తాడు. నువ్వు పుట్టకపోయినా ఇంత బాధ ఉండేది కాదు, గొడ్రాలికి మనసులో ఉండేది ఒక్కటే దుఃఖం, పిల్లలు లేరన్నది తప్ప ఆమెకు వేరే లేదు, అన్న అర్థం వచ్చే మాట. పైకి ఆమె ఆ పాత దుఃఖాన్ని తక్కువ చేసి మాట్లాడుతోంది. కానీ దాని కొలత ఆమెకు అంత కచ్చితంగా ఎలా తెలుసు? కొడుకు పుట్టి, పెరిగి, పెళ్ళయి, పట్టాభిషేకం జరగాల్సిన రోజున కూడా ఆ కొలత ఆమె దగ్గర భద్రంగా ఉంది. ఏ వైద్యుడూ ఏ ప్రవచనకారుడూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు: బిడ్డ పుట్టినంత మాత్రాన ఆ ఏళ్ళు చెరిగిపోవు.

ఇక గాంధారి. వారాంతపు పార్టీల్లో ఈవిడ పేరు రాగానే ఎవరో ఒకరు 'టెస్ట్‌ట్యూబ్ బేబీలు మనకు అప్పుడే ఉన్నాయి' అంటారు. పార్టీల దాకా ఎందుకు, 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరే కౌరవులు స్టెమ్ సెల్, టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానంతో పుట్టారని సెలవిచ్చారు. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో 1978 జులై 25న లూయీ బ్రౌన్ పుట్టడానికి వెనక ఎన్నేళ్ళ ప్రయోగాలు, ఎన్ని వైఫల్యాలు ఉన్నాయో తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. నా గొడవ సైన్సు గురించి కూడా కాదు. ఈ గొప్పలు చెప్పుకునే హడావిడిలో మనం గాంధారిని చదవడం మానేశాం. సంస్కృత భారతంలో ఆమె రెండేళ్ళు గర్భం మోసింది. కాన్పు కాలేదు. ఇంతలో కుంతికి కొడుకు పుట్టాడన్న కబురు వచ్చింది. భర్తకు తెలియకుండా తన కడుపు తనే గట్టిగా బాదుకుంది. నేతికుండలు ఆ తర్వాతి సంగతి. వ్యాసుడొచ్చి అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పింది, దాచలేదు.

ఇంకొకరి సీమంతం ఫోటోలు ఫోన్‌లో వచ్చిన రోజున తలుపు వేసుకుని కూర్చున్న ఏ ఆడమనిషికైనా ఈ ఘట్టం అర్థమవుతుంది. కుండల సంగతి వందసార్లు చెప్పుకుని ఆ దెబ్బ సంగతి ఒక్కసారీ చెప్పుకోకపోవడం మన పఠనంలో ఉన్న లోపం, కావ్యంలోది కాదు.

అలాగే భారతం మగవాడి వైపు కారణాన్ని కూడా దాచలేదు. పాండురాజుకి కిందముడి శాపం. తన వల్ల కాదని ఆయనే కుంతికి చెప్పుకుని, పితృఋణం సంగతి ఎత్తి, గంటలకొద్దీ వాదిస్తాడు. మన డ్రాయింగ్ రూముల్లో ఆపాటి సంభాషణ జరగదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని వైద్యులు చెప్తారు. మన భాషలో మాత్రం 'గొడ్రాలు' అన్న మాటకి వాడుకలో మగజోడీ లేదు. సంస్కృతం తెచ్చుకుంటే 'వంధ్య' వస్తుంది, ఆ వంధ్య కొడుకుని మన తార్కికులు కుందేటికొమ్ము పక్కన నిలబెట్టి, అసలు ఉండనే ఉండని వస్తువుకి ఉదాహరణగా తరతరాలు పాఠం చెప్పారు. ఆ క్లాసులో అలాంటి ఆవిడ ఒక్కరైనా కూర్చుని ఉంటే ఇంకో ఉదాహరణ వెతుక్కునేవాళ్ళేమో!

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం. తెలుగులో నెల 'తప్పితే' శుభం. తప్పనంతకాలం తప్పు మనదే అన్నట్టు ఉంటుంది. ఇండియాకి ఫోన్ చేస్తే "ఏమిటమ్మా విశేషాలు?" అని అందరూ అడిగే మాటే, పెళ్ళయిన రెండేళ్ళకి బహువచనం పోయి "విశేషమేమైనా ఉందా?" అవుతుంది. మా అత్తగారు ఆ మాట అడగడం మానేసిన ఏడాది నాకు బాగా గుర్తు. అడిగినప్పటి కంటే అప్పుడే మా ఆవిడ ఎక్కువ ఏడ్చింది.

మేమిద్దరం ఏడేళ్ళు ఈ దారిలో నడిచాం. ఆ చివరికి ఏమైందో ఇక్కడ రాయను. రాస్తే, ఆ మూడు కథలకి మల్లే, ఈ వ్యాసం మొత్తాన్నీ ఆ ఒక్క వాక్యంతో కొలుస్తారు. పిల్లలు పుట్టారంటే 'చూశారా, ఓపిక పట్టాలి' అంటారు, లేదంటే 'అయ్యో' అంటారు. నాకు కావలసింది ఆ రెండూ కాదు, మధ్యలో ఉన్న ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళలో కథకి పనికొచ్చే సరుకు ఎంతైనా ఉంది. హెచ్-1 మీద ఉన్నవాడు ఉద్యోగం మారాలంటే జీతం కంటే ముందు ఇన్సూరెన్సు కాగితం చదువుతాడు. మసాచుసెట్స్‌లో 1987 నుంచి, న్యూజెర్సీలో 2001 నుంచి ఈ వైద్యాన్ని ఇన్సూరెన్సులో చేర్చాలని చట్టాలున్నాయి. కానీ కంపెనీ తన సొంత డబ్బుతో ప్లాను నడుపుకుంటే రాష్ట్ర చట్టం దానికి వర్తించదు. ఈ మెలిక మొదటి బిల్లు వచ్చాక తెలుస్తుంది. ఇన్సూరెన్సు లేకపోతే ఒక్క ఐ.వి.ఎఫ్. సైకిలుకి పదిహేను, ఇరవై వేల డాలర్లు. పిండాన్ని లోపల పెట్టాక రక్తపరీక్ష దాకా సుమారు రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఆఫీసులో రిలీజ్ ఉంటుంది, గుళ్ళో అన్నప్రాశనకి పిలుపు ఉంటుంది, "ఇంకెన్నాళ్ళమ్మా ప్లానింగ్? మా కోడలు నీకంటే చిన్నది, ఇద్దరు" అనే పిన్నిగారు ఉంటారు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన మందు పెట్టెలు. రోజూ రాత్రి నడుం కింద గుచ్చే ప్రొజెస్టిరాన్ సూది భర్తే వెయ్యాలి. ఆ మందుని కలిపేది ఎందులోనో తెలుసా? నువ్వుల నూనెలో. ఆదిపర్వంలో జరత్కారువు పితృదేవతలు సంతానం లేక గుంటలో తలకిందులుగా వేలాడుతూ, తమకు నువ్వులూ నీళ్ళూ వదిలే దిక్కు కోసం ఎదురు చూస్తుంటారు. ఆ దిక్కు కోసమే ఇక్కడ ఎడిసన్ అపార్ట్‌మెంట్‌లో నువ్వుల నూనె సీసాని అరచేతుల మధ్య వెచ్చబెట్టుకుంటున్నాం. ఈ సంగతి ఏ కథలోనూ నాకు తగల్లేదు.

'టెన్షన్ మానేస్తే అదే వస్తుంది' అన్న హవాయి కథ మీద నాకు కొంచెం కోపమే ఉంది. ఈ సలహాలో దాగిన మాట ఏమిటంటే, రాకపోతే నీ టెన్షనే కారణం అని. 1993లో ఆలిస్ డోమార్ బృందం అచ్చువేసిన అధ్యయనంలో, సంతానం లేక బాధపడే స్త్రీలలో దిగులూ ఆందోళనా క్యాన్సర్ రోగుల్లో ఉన్నంత స్థాయిలోనే కనిపించాయి. క్యాన్సర్ వచ్చినావిడతో ఎవరూ హవాయి వెళ్ళి రమ్మనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుంది. మన ఉగాది సభలో మూడు వందల మంది కూర్చుంటే ఎన్ని కుర్చీలో లెక్క వేసుకోండి.

ప్రసాదం కథ మీద మాత్రం కోపం లేదు. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేనివారికి గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి ఎంతమంది వచ్చారంటే, హైదరాబాదు ఆ చివర రోడ్లు గంటల తరబడి స్తంభించిపోయాయి. ఆ కార్లలో కూర్చున్న ఒక్కో జంటా ఒక నవల. మూఢనమ్మకమని నవ్వడం సులువు. మోపిదేవికీ వెళ్ళాం, ఎంబ్రియాలజిస్టు దగ్గరికీ వెళ్ళాం, రెండు చోట్లా వరసలో నిలబడే మనుషుల మొహాలు ఒకేలా ఉన్నాయి. నా అభ్యంతరమల్లా, కథలో ఆ ప్రసాదం దశరథుడి పాయసంలాగే గురి తప్పకుండా పనిచేసెయ్యడం. తిన్నా ఏమీ జరగని వందల మంది ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకున్నారన్నదే కథ.

సినిమావాళ్ళు ఈ విషయం ముట్టుకోలేదని అనలేం. 2001లో క్రాంతికుమార్ తీసిన '9 నెలలు' ఉంది, 2013లో సింగీతం వారి 'వెల్‌కమ్ ఒబామా', 2016లో 'నరుడా డోనరుడా', 2022లో 'యశోద', 2023లో 'మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి'. వరసగా చూస్తే ఒకటి తెలుస్తుంది: ఎవరి గర్భం, ఎవరి బీజం అన్న వింత మీదే కెమెరా ఉంది. డబ్బు చెల్లించి గదిలో ఎదురుచూస్తున్న జంట మీద లేదు. 2025లో వచ్చిన 'సంతాన ప్రాప్తిరస్తు' కౌంటు తక్కువైన మగవాణ్ణే హీరోని చేసింది. అది మంచి అడుగే. నవ్వించడం కోసమైనా ఆ మాట తెలుగులో పైకి అన్నారు.

నేను వెతుకుతున్నది దొరికింది తమిళంలో. పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన 'మాదొరుభాగన్'. కాళి, పొన్న అనే రైతు దంపతులు, పెళ్ళయి పన్నెండేళ్ళు, పిల్లల్లేరు. ఈ పుస్తకం చుట్టూ 2014 చివర రేగిన గొడవ, తనలోని రచయిత చనిపోయాడని 2015 జనవరిలో ఆయన ప్రకటించడం, 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన ఇచ్చిన తీర్పు అందరికీ తెలిసినవే. తిరుచెంగోడు రథోత్సవంలో ఒక రాత్రి జరిగేదన్న ఆచారం మీదే ఆ గొడవంతా నడిచింది. దానివల్ల నవలలో మిగతా మూడు వంతులూ ఎవరికీ కనపడలేదు.

ఆ మూడు వంతుల్లోనే అసలు విద్య ఉంది. నవల ఒక గంగరావి చెట్టు కింద మొదలవుతుంది. అత్తవారింట్లో కాళి తనే కొమ్మ తెచ్చి నాటిన చెట్టు. అది పెరిగి, ఇల్లంతా నీడ పరిచింది. పన్నెండేళ్ళని రచయిత వేరే చెప్పనక్కర్లేదు, చెట్టుని చూస్తే చాలు. పొన్న మొక్కని దేవుడు లేడు, కొండ మీద గొడ్రాలి బండ చుట్టూ ప్రాణాలకు తెగించి ప్రదక్షిణ చేస్తుంది. కాళికి రెండో పెళ్ళి చేద్దామని పెద్దవాళ్ళు అంటారు. ఊళ్ళో ప్రతి చిన్న తగాదాలోనూ అవతలివాళ్ళ చేతిలో ఆఖరి రాయి అదే. ఇవన్నీ మనకు తెలిసినవే. మనవాళ్ళ కథల్లో లేనిదేమిటంటే, ఇంత జరుగుతున్నా ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఉన్న మోహం. బిడ్డ కోసం కాక, ఊరికే కలిసి ఉండటంలోని సుఖం వాళ్ళకు ఇంకా మిగిలి ఉంది. నెలనెలా క్యాలెండరు చూసి భార్య దగ్గరకు వెళ్ళిన ఏ మగవాడైనా అదెంత కష్టమో చెప్తాడు. ఊరు చివరికి లాక్కునేది ఆ సుఖాన్నే. అందుకే ముగింపు అంత దెబ్బ కొడుతుంది. స్పెయిన్ కవి లోర్కా 1934లో ఆడించిన 'యెర్మా' నాటకంలోనూ ఇలాగే పిల్లల కోసం వెళ్ళే కొండ గుడీ, జాతరా ఉన్నాయి. కానీ యెర్మాకి మొగుడితో ఆ చెలిమి లేదు, కాబట్టి ఆమె చివరికి చేసే హత్య మనల్ని భయపెడుతుంది గానీ పొన్న ఇంటికి తిరిగొచ్చాక ఏమవుతుందోనన్న భయమంత లోతుగా దిగదు.

ఈ ఏడు పోటీకి రాసేవాళ్ళలో ఎవరికైనా ఈ విషయం మీద మనసు పోతే, ఆ టెస్టు పుల్ల ఉన్న చివరి పేరా తీసేసి కథ ఇంకా నిలబడుతుందో లేదో చూసి పంపండి. సూది మందు ఎక్కడ దొరుకుతుంది, బిల్లు ఎంతవుతుంది లాంటి వివరాలు కావాలంటే నాకు ఫోన్ చెయ్యండి, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీగానే ఉంటాను.