పాలిపోయిన ముఖం, మూడు లెక్కలు

“రక్తం తక్కువైతే అది ముదిరి బ్లడ్ క్యాన్సర్ అవుతుందా డాక్టరుగారూ?” ఆస్పత్రి ఓపీల్లో తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఇది. కాదు. ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనత ఎంత ముదిరినా ల్యుకేమియాగా మారదు. మూలుగలోనే లోపం ఉండే కొన్ని అరుదైన రక్తహీనతలు అటు దారితీయొచ్చు, వాటి సంగతి వేరు. కానీ ఇదే ప్రశ్నను తిరగేసి అడిగితే భయపడాల్సిన చోటు కనిపిస్తుంది. అక్యూట్ (వేగంగా ముదిరే) ల్యుకేమియా వచ్చినవాళ్లలో చాలామందికి మొదట బయటపడేది రక్తహీనతే. అదే పాలిపోవడం, అదే నీరసం, నాలుగు మెట్లెక్కితే అదే గుండెదడ. కింది కనురెప్ప లాగి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి.

ఆ రెండింటి తేడాను మొదట పట్టేది గాజు పలక మీద పరిచిన ఒక్క రక్తపు చుక్క.

ల్యాబ్‌లో దాన్ని స్మియర్ అంటారు. స్లైడు ఒక చివర చిన్న చుక్క వేసి, ఇంకో స్లైడు అంచును 30 నుంచి 45 డిగ్రీల వాలులో దానికి ఆనిస్తారు. రక్తం ఆ అంచు పొడవునా పాకగానే ఒక్క ఊపున ముందుకు తోస్తారు. చెయ్యి తడబడితే చారలు పడతాయి, వాలు ఎక్కువైతే మందంగా వస్తుంది. కుదిరిన స్మియర్ చివరికి పోయేకొద్దీ పలచబడుతుంది. ఆ పలచని భాగానికి కాస్త ఇవతల, కణాలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా విడివిడిగా పరుచుకున్న చోటే చదవాలి. ఆరాక లీష్‌మన్ స్టెయిన్ పోసి రెండు నిమిషాలు ఉంచుతారు. దాని మీద రెట్టింపు బఫర్ నీళ్లు కలిపి ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఆగుతారు. బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం లీష్‌మన్ 1901లో తయారుచేసిన ఈ రంగే మన ల్యాబుల్లో నేటికీ వాడుకలో ఉంది.

ఐరన్ లోపం ఉంటే ఎర్రకణాలు చిన్నవవుతాయి. మధ్యలో వెలితి పెరిగి, రంగు అంచుకే పరిమితమై ఉంగరాల్లా కనిపిస్తాయి. ఎంత చిన్నవో చెప్పడానికి పాథాలజిస్టు పక్కనే ఉన్న చిన్న లింఫోసైటు కేంద్రకాన్ని కొలతగా పెట్టుకుంటారు. మామూలు ఎర్రకణం సుమారు దానంతే ఉంటుంది. బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువైతే వ్యవహారం ఇందుకు పూర్తిగా ఎదురు. ఎర్రకణాలు పెద్దవై కోలగా సాగుతాయి, న్యూట్రోఫిల్ కేంద్రకం అయిదారు తమ్మెలుగా చీలిపోతుంది.

అక్యూట్ ల్యుకేమియా స్మియర్‌లో ఎర్రకణాలు తగ్గినా చాలాసార్లు పరిమాణం మామూలుగానే ఉంటుంది. అక్కడ చూపు నిలిచేది తెల్లకణాల మీద. కణమంతా కేంద్రకమే నిండిపోయి, చుట్టూ సన్నని నీలి అంచు మిగిలి, లోపల కేంద్రకాంశాలు తేటగా కనిపించే పెద్ద కణాలు. వీటిని బ్లాస్టులంటారు. ఇవి మూలుగ దాటి రక్తంలోకి రాకూడని పసికణాలు. వాటిలో సన్నని ఎర్రటి పుల్లల్లాంటి ఆవర్ రాడ్లు కనబడితే అది మైలాయిడ్ రకమని అక్కడికక్కడే చెప్పేయొచ్చు.

ఐరన్ లోపంలో మూలుగ బాగానే ఉంటుంది, దానికి ఇనుము అందదు, అంతే. అక్యూట్ ల్యుకేమియాలో ఎదగని కణాలు మూలుగంతా ఆక్రమించుకుంటాయి. ఎర్రకణాలకూ చోటుండదు, ప్లేట్‌లెట్లకూ ఉండదు, జ్వరాలతో పోరాడే మంచి తెల్లకణాలకూ ఉండదు. అందుకే పాలిపోవడంతో పాటు దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, పిల్లల్లో కాళ్ల ఎముకల నొప్పులు తోడవుతాయి. రక్తపరీక్ష (సీబీపీ) కాగితంలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మడిచి పెట్టేయడం మనకు అలవాటు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా చదవాలి.

ఇలాంటి రిపోర్టు ఒకటి చేతికొచ్చిందనుకోండి: హిమోగ్లోబిన్ 6.5, తెల్లకణాలు 9,000, ప్లేట్‌లెట్లు 28,000, లింఫోసైట్లు 80 శాతం. తెల్లకణాలు 4,000-11,000 మధ్యే ఉన్నాయి కాబట్టి క్యాన్సర్ కాదనుకోవడం తేలిక, ప్రమాదం కూడా. ల్యుకేమియాలో తెల్లకణాలు లక్ష దాటొచ్చు, మామూలుగా ఉండొచ్చు, తగ్గిపోవచ్చు కూడా. చిన్న ల్యాబుల్లోని మెషీన్లు తెల్లకణాలను మూడు రకాలుగానే విడదీస్తాయి. బ్లాస్టును అవి లింఫోసైటు కింద జమకట్టేయగలవు. ఆ 80 శాతం నిజంగా ఏమిటో స్మియర్ చూసిన మనిషే చెప్పాలి.

అలాగని హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఈ మూడు లెక్కలూ తగ్గిన ప్రతి రిపోర్టూ క్యాన్సర్ కాదు. బీ12 బాగా పడిపోయినా మూడూ తగ్గుతాయి, మన దేశంలో అది తరచూ కనిపించే కారణమే. కొన్ని ఇంజెక్షన్లతో కుదురుకునే ఆ మనిషిని బ్లడ్ క్యాన్సర్ అని హడలగొట్టడం కూడా అన్యాయమే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి స్మియర్లు, మూలుగ పరీక్షలు చేస్తూ కూర్చోవడం కుదరదు, అవసరమూ లేదు. ఐరన్ మాత్ర ఇవ్వడం సరైన పనే. ఇచ్చాక నెలకు మళ్లీ లెక్క చూడకపోవడమే లోపం. ఐరన్ లోపమే అయితే, మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే టానిక్ సీసా మార్చడం కాదు, కారణం వెతకాలి. పాలిపోయి, జ్వరంతో, కీళ్ల నొప్పులతో వచ్చిన పిల్లవాడికి స్మియర్ చూడకుండా స్టెరాయిడ్ ఇవ్వడం మరీ చేటు. లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా కణాలు స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు అణిగిపోవడంతో జబ్బు దాక్కుంటుంది.

రక్తహీనతకూ ల్యుకేమియాకూ మధ్య ఉన్న తేడాకు ఒక తెలుగువాడి పరిశోధనే చరిత్రలో సాక్ష్యం పలికింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని స్ప్రూ జబ్బు పొట్టనపెట్టుకుంది. పేగులు ఫోలిక్ యాసిడ్‌ను పీల్చుకోలేక రక్తహీనత తెచ్చే జబ్బు అది. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు పనిచేసిన మందు కదా అని, ఆ కోవ పదార్థాలనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఒకదానికి మందైనదే రెండోదానికి మేత అయిందన్నమాట. ఫార్బర్ దాన్నే ఆధారం చేసుకున్నారు. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ చేసిచ్చింది. 1948లో అచ్చయిన ఫార్బర్ ఫలితాల్లో, అది తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా పిల్లలకు, తొలి దశ చికిత్స ముగిశాక కూడా నెలల తరబడి వారానికోసారి మాత్రగా ఇస్తున్నారు. ఆ నెలల్లో బిడ్డ పాలిపోయినట్టు కనిపిస్తే, బలానికని మందుల షాపు నుంచి మల్టీవిటమిన్ సీసా తెచ్చి పట్టకూడదు. వాటిలో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. సీసా మీద చీటీ చదివి, వైద్యం చేస్తున్న డాక్టరును అడిగాకే ఇవ్వాలి.