మాంచెస్టరు నగరలాంఛనము: పతకముపై తేనెటీగ

పతకము చిన్నదైనను చరిత్రగ్రంథమువలె చదువదగినది. ఊరికి పురపాలక హోదా లభించినప్పుడును, పురమందిరము ప్రారంభమైనప్పుడును జ్ఞాపకపతకములు ముద్రించుట పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లాండులో పరిపాటి. అట్టి పతకములపై చెక్కెడు నగరలాంఛనము ఆ ఊరు తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట. ఆ మాటలో నిజమెంత యని విచారించుట విమర్శకుని విధి. ఇందుకు మాంచెస్టరు తగిన ఉదాహరణము.

అచ్చట 1838లో పురపాలక సంఘ మేర్పడినది. 1842లో లాంఛనము మంజూరైనది. 1853లో నగర హోదా లభించినది. లాంఛనమున ఎఱ్ఱని డాలుపై మూడు బంగారు పట్టెలు, వానిపైన తెరచాప లెత్తిన ఓడ, ఇరుప్రక్కల ఇఱ్ఱియు సింహమును గలవు. అన్నిటికి పైన భూగోళము, దానిపై నెగురు తేనెటీగలు. అడుగున ‘ఆలోచనచేతను, శ్రమచేతను’ అను భావముగల లాటిను సూక్తి.

సముద్రతీరము లేని ఊరికి ఓడ యేల? ఓడలకాలువ తెరువబడినది 1894లో. గుర్తు దానికి అర్ధశతాబ్దము ముందటిది. అది రేవునకు గాదు, ప్రపంచవ్యాప్తమైన వాణిజ్యమునకు సంకేతము. కష్టజీవియగు తేనెటీగను సింహముకంటె పైన నిలిపిన ఊహ మెచ్చదగినదే. కాని అరచేత నిమిడెడు పతకముపైకి లాంఛనమును కుదించినప్పుడు ఓడ స్పష్టముగా నిలుచును, తేనెటీగలు చుక్కలగును.

చరిత్రయు నట్లే నడచినది. ఆ 1842 ఆగస్టులోనే నూలుమిల్లుల కార్మికులు కూలికొఱకును, ఓటుహక్కు కొఱకును పని మానివేసిరి. తేనెటీగకు శిఖరమున చోటు దొరకినది. కార్మికునకు ఓటు దొరకలేదు.

ఆ ఓడ తెలుగునాటికిని సంబంధించినదే. మచిలీపట్టణపు అద్దకపు బట్టలు ఒకప్పుడు విదేశములకు వెడలిన సముద్రమార్గముననే మిల్లుబట్ట ఎదురు వచ్చినది; చేమగ్గము చితికినది. పద్మశాలి కుటుంబములు షోలాపురమునకు వలసపోవుటకు గల కారణములలో కరవులతోపాటు ఇదియు నొకటి.

కావున ఈ లాంఛనమును అబద్ధమనుట న్యాయము గాదు, అసంపూర్ణ మనవలెను. పరప్రాంతములందలి తెలుగు సంఘములు తమ ఉత్సవములకు పతకములు చేయించునప్పుడు మగ్గమును చెక్కించి ఊరకుండరాదు. ఆ మగ్గమువద్ద కూర్చున్నవాని కూలి, వాని బిడ్డల చదువు, సంఘమున వాని మాటకు గల విలువ ఏపాటివో చూచుకొనవలెను. అవి యున్నప్పుడే గుర్తు సార్థకమగును.