కుప్పం కట్టుబడి

కుప్పంలో నామినేషన్ వేయడానికి అభ్యర్థే రావాలన్న పట్టింపు లేదు. చంద్రబాబు తరఫున ఆ పత్రాలు పార్టీ నాయకులు ఇచ్చిన సందర్భాలున్నాయి. 2024లో భార్య భువనేశ్వరి ఇచ్చారు. మనిషి ఊళ్లో లేకుండానే నడిచే ఆ ఎన్నికల యంత్రాంగాన్ని కట్టిన తీరు మెచ్చుకోదగ్గది.

ఆ పనికి ముడిసరుకు ఓటమి. 1978లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే చంద్రగిరిలో కాంగ్రెస్ తరఫున గెలిచి మంత్రి కూడా అయిన ఆయన, 1983లో సొంతగడ్డ మీదే తెలుగుదేశం చేతిలో ఓడారు. తర్వాత అదే పార్టీలో చేరి కార్యకర్తల శిక్షణ శిబిరాలు, సభ్యత్వాల లెక్కలు చూసుకున్నారు. ఇలాంటి పనికి చప్పట్లు రావు, పట్టు మాత్రం వస్తుంది. 1989లో నిలబడింది చంద్రగిరిలో కాదు, తమిళనాడు, కర్ణాటక రెండూ తగిలే కుప్పంలో. తనకు ముందు రెండుసార్లు పార్టీ గెలిచిన చోటది. ముఖ్యమంత్రి అయ్యాక 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇజ్రాయెల్ పద్ధతి బిందు సేద్యమూ వచ్చింది. ఖర్చు మీద, గట్లు చదును చేయడం మీద విమర్శలు రాకపోలేదు, వాటిలో పస ఉంది కూడా. 2004లో రాష్ట్రం చేజారినా కుప్పం జారలేదు.

పొరుగున చూస్తే ఈ పని ఎంత అరుదో తెలుస్తుంది. మదనపల్లెలో 2009 నుంచి నాలుగు ఎన్నికల్లో వరుసగా రెండోసారి గెలిచినవారు లేరు. పుంగనూరులో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి అదే నాలుగుసార్లూ గెలిచారు. అది మనిషి పక్కనుండి నిలుపుకున్న కోట, కుప్పంది దూరం నుంచి నిలుపుకున్నది. నా ఓటు అడిగితే రెండోదే కష్టమంటాను.

దూరానికీ ఒక హద్దుంది. 2014లో 47,121గా ఉన్న మెజారిటీ 2019లో 30,722కి పడింది. 2021 నవంబరులో కుప్పం మునిసిపాలిటీలో 25 వార్డులకు 19 వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయాయి. బీటలు కనిపించగానే మరమ్మతు మొదలైంది: రాకపోకలు పెరిగాయి, శాంతిపురం మండలంలో ఇల్లు కట్టడానికి పూనుకున్నారు. 2024లో ఎనిమిదోసారి, 48,006 ఓట్ల తేడాతో గెలిచారు. ముప్పై అయిదేళ్ల తర్వాత నియోజకవర్గంలో ఇల్లు కట్టుకోవడం ఆలస్యమే. అయినా, పాత పద్ధతి చాలదని గుర్తించి దాన్ని మార్చుకోవడం నాయకుల్లో తరచూ కనిపించే గుణం కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష హంద్రీనీవా ఎత్తిపోతల పథకం నీళ్లది. శ్రీశైలం నుంచి వచ్చే ఆ నీరు పుంగనూరు బ్రాంచి కాలువ దాటాకే కుప్పానికి మళ్లుతుంది. 2024 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ రామకుప్పం మండలంలో నీళ్లు విడిచారు, 2025 ఆగస్టులో చంద్రబాబు పరమసముద్రం చెరువు వద్ద జలహారతి ఇచ్చారు. ప్రారంభోత్సవాల లెక్కలో ఎవరి వాదన వారిది. రైతు చూసేది కాలువ చివరి చెరువుకు ఏటా నీళ్లొస్తాయా అన్నదే. అది బూత్ కమిటీలతో తేలే సంగతి కాదు.