మబ్బులో దిగే విమానం: బాధ్యత ఎవరిది?

దారి కనబడని మబ్బులో విమానం దిగునప్పుడు దాని భారమంతా ఇద్దరిపై ఉంటుంది. ఒకరు పరికరాల ముళ్ళను చూస్తూ పైన ఉన్న పైలట్. రెండవవారు నేలమీద రాడారు ముందు కూర్చున్న కంట్రోలరు. ఒకరి పని ఎక్కడ ముగిసి రెండవవారి పని ఎక్కడ మొదలగునో ఇద్దరూ ఒకే విధంగా ఎరుగనిచో ఏమగునో తెలిపే పత్రం, అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1975 నవంబరులో వెలువరించిన నివేదిక.

1974 డిసెంబరు 1న టి.డబ్ల్యు.ఏ. 514 విమానం వాషింగ్టన్ చేరవలసి ఉన్నది. ఈదురుగాలి వలన దానిని డల్లెస్ విమానాశ్రయానికి మళ్ళించారు. 7,000 అడుగుల ఎత్తున, ఇంకా 44 మైళ్ళ దూరం ఉండగానే, దిగుటకు అనుమతి వచ్చినది. ఏ ఎత్తు వరకు దిగవచ్చునో కంట్రోలరు చెప్పలేదు. దిగుడు పటంలోని 1,800 అడుగుల అంకె రౌండ్ హిల్ అను గుర్తును చేరిన పిమ్మటనే వర్తిస్తుంది. అంతకు ముందు 3,400 అడుగులు ఉండవలెనని అదే పటంలో ఉన్న మాటను కెప్టెన్ గమనించాడు. అయినను అనుమతి వచ్చినది గనుక 1,800కు దిగవచ్చునని నిశ్చయించాడు. మౌంట్ వెదర్ కొండ అడ్డు వచ్చినది. విమానంలోని 92 మందీ మరణించారు.

వాస్తవాలను దాచక, వరుసగా పేర్చి చూపుట ఈ నివేదికలోని గొప్ప గుణం. లోపం తీర్పు వరుసలో ఉన్నది. ఐదుగురు సభ్యులలో ముగ్గురు, తొందరగా దిగవలెనన్న పైలట్ల నిర్ణయమే కారణమన్నారు. ఆ నిర్ణయం అస్పష్టమైన నియమాల ఫలితమని వెంటనే ఒప్పుకున్నారు. ఈ గందరగోళం విమానయాన శాఖకు కొన్నేళ్ళుగా తెలిసియుండియు సరిదిద్దలేదన్న మాటను మాత్రం తోడ్పడిన కారణాలలో చేర్చారు. మూలం చివరకు పోయి, ఫలం ముందుకు వచ్చినది. విభేదించిన ఇద్దరు సభ్యులు ఎత్తు చెప్పని కంట్రోలరును ముందు నిలిపారు. కాని ఆ కంట్రోలరు కూడా, ఎత్తు చూచుకొనుట పైలట్ పనియే అనుకొన్నవాడు. ఒకే మాటకు రెండు అర్థాలు ఉన్నచోట ఒక మనిషిని వెదకుట వలన ప్రయోజనం స్వల్పం.

అట్లని పైలట్‌ను పూర్తిగా విడిచిపెట్టుటయు న్యాయం కాదు. సందేహం కలిగినప్పుడు ఒక్క ప్రశ్న అడిగియుంటే చాలును. అయితే ఆరువారాల ముందు మరొక సంస్థ విమానం అదే కొండ వద్ద వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించినది. ఆ హెచ్చరిక ఇతరులకు చేరలేదు.

ప్రమాదం తరువాత నియమం మారినది. పటంలో గుర్తించిన దారిని చేరువరకు చివరగా చెప్పిన ఎత్తునే ఉండవలెను. కంట్రోలరు ఆ ఎత్తును చెప్పవలెను. నేల సమీపించినచో హెచ్చరించే పరికరం తప్పనిసరి అయినది. తృటిలో తప్పిన ప్రమాదాలను నిర్భయంగా తెలుపుటకు 1976లో నాసా ఆధ్వర్యాన ఒక వ్యవస్థ ఏర్పడినది. నివేదిక తీర్పుకన్న ఈ మార్పులే ఎక్కువ సూటిగా జవాబు చెప్పినవి: బాధ్యతను ఇద్దరికి పంచవచ్చును, కాని మాటకు అర్థం ఒక్కటే ఉండవలెను.