సర్వర్ లాగ్‌ల కాపలా: గ్లోబల్ సెట్టింగ్స్ కుదిర్చే పద్ధతి

సర్వర్‌లో జరిగే ప్రతి ముఖ్యమైన పనీ ఆ సర్వర్‌లోనే నమోదవుతుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ సర్వీసు ఆగింది, ఏ డిస్క్ మొరాయించింది, కరెంటు పోయి మెషీన్ ఎప్పుడు ఆగింది అన్నవన్నీ లాగ్‌లోకి చేరతాయి. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం కోసం రాసిన సిస్‌లాగ్ యూనిక్స్ ప్రపంచమంతా పాకింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ తన సొంత ఈవెంట్ లాగ్‌ను తెచ్చుకుంది. ఈ రెండు రకాల లాగ్‌లనూ ఒకచోట చేర్చి, తేడా కనిపిస్తే కబురు చేయడం మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పని. అందులో ఒక్కో సర్వర్‌కు విడిగా పెట్టే సెట్టింగులు కొన్ని, అన్నిటికీ కలిపి ఒకేసారి పెట్టేవి కొన్ని. ఈ రెండో రకానివే గ్లోబల్ సెట్టింగ్స్. ఇన్‌స్టాల్ చేసేరోజు ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ దాటేసేవి ఎక్కువగా ఇవే. నెలల తర్వాత ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే ముందు సరిచూడాల్సింది టైము. తెనాలి నుంచి జంపని, వేమూరు మీదుగా రేపల్లె వెళ్లేలాంటి రైలు మార్గాల మీద స్టేషన్ గడియారాలను రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ నుంచి వచ్చే సిగ్నల్‌తో సరిచేసుకోవడం రైల్వేలో పాత ఆనవాయితీ. అన్ని రిజిస్టర్లూ ఒకే గడియారం మీద నడిస్తేనే ఏ బండి ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో తేలుతుంది. సర్వర్లకు ఆ పని ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) చేస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు దేశంలోని సంస్థల గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ కలపమన్నాయి.

గడియారం కుదిరినా టైమ్‌జోన్ దగ్గర మెలిక ఉంది. 2001 నాటి ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3164 వర్ణించిన పాత సిస్‌లాగ్ నమోదులో సంవత్సరమూ ఉండదు, టైమ్‌జోనూ ఉండదు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ఆ రెండు లోపాలనూ సరిదిద్దింది. అయినా పాత పద్ధతిలోనే లాగ్ పంపే స్విచ్‌లు, రౌటర్లు ఇంకా ఉన్నాయి. అలాంటివాటికి డిఫాల్ట్ టైమ్‌జోన్ +5:30 అని గ్లోబల్ సెట్టింగ్స్‌లో చెప్పి ఉంచాలి. లేకపోతే బాపట్లలో మధ్యాహ్నం 2:30కు జరిగినదాన్ని సాఫ్ట్‌వేర్ యూటీసీగా చదివి, రాత్రి 8 గంటలకు జరిగినట్టు చూపిస్తుంది.

తర్వాత ఏయే నమోదులు తీసుకోవాలన్న ప్రశ్న. రద్దీ తగ్గుతుందని ఎర్రర్, క్రిటికల్ స్థాయిలను మాత్రమే ఎంచుకోవడం మామూలే, కానీ విండోస్ విషయంలో ఇది ప్రమాదకరం. పాస్‌వర్డ్ తప్పి లాగిన్ విఫలమైతే పడే ఈవెంట్ నంబరు 4625, సెక్యూరిటీ లాగ్‌ను ఎవరైనా తుడిచేస్తే పడే 1102, రెండూ ‘ఇన్ఫర్మేషన్’ స్థాయిలోనే నమోదవుతాయి. దొంగ వచ్చిన జాడ ఇక్కడే ఉంటుంది. ఒక్క 4625ను విప్పి చూస్తేనే ఎంతో తెలుస్తుంది. సబ్ స్టేటస్ కోడ్ 64తో ముగిస్తే ఆ పేరుతో యూజరే లేడని, 6ఏతో ముగిస్తే పేరు సరైనదే గానీ పాస్‌వర్డ్ తప్పని అర్థం. మొదటి రకం వరసగా వేర్వేరు పేర్లతో వస్తుంటే ఎవరో పేర్లు వెతుకుతున్నారు. రెండో రకం ఒకే పేరుమీద నిమిషానికి పదులకొద్దీ పడుతుంటే ఎవరో ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను ఊహిస్తూ ఉండొచ్చు, లేదా పాస్‌వర్డ్ మార్చాక ఏదో ప్రోగ్రాం పాతదాన్నే పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. అందుకే ఇక్కడ స్థాయిని బట్టి కాక, ఈవెంట్ నంబరును బట్టి వడకట్టాలి.

లాగ్ ఎంతకాలం నిలవాలన్నది లెక్కతో తేలుతుంది. విండోస్‌లో అప్లికేషన్, సిస్టమ్ లాగ్‌ల డిఫాల్ట్ పరిమాణం 20,480 కేబీ. ఒక్కో నమోదు సుమారు 1 కేబీ, సెకనుకు ఒకటి చొప్పున పడుతుందనుకుంటే ఆ ఫైలు ఆరు గంటలలోపే నిండి, పాతవాటి మీద కొత్తవి రాసుకుపోతుంది. సాయంత్రం పడిన నమోదు తెల్లవారేసరికి ఉండదు. సెర్ట్-ఇన్ ఆదేశాలు 180 రోజుల లాగ్ దేశంలోనే ఉంచమంటున్నాయి. అదే వేగానికి రోజుకు 84 ఎంబీ పైన, 180 రోజులకు ఒక్కో సర్వర్‌కు సుమారు 15 జీబీ కావాలి. ఈ చోటును ముందే కేటాయించి, ఆర్కైవ్‌ను వేరే డిస్క్ మీద పెట్టాలి. లాగ్‌లను తెప్పించుకునే ఖాతాకు అడ్మిన్ హక్కులు ఇవ్వనక్కర్లేదు. విండోస్‌లో ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూపులో చేర్చితే చదివేందుకు సరిపోతుంది.

గ్లోబల్ సెట్టింగ్స్ విలువ బాగా తెలిసేది అలర్ట్‌ల దగ్గర. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోతుంది, యూపీఎస్‌లు ఖాళీ అవుతాయి, సర్వర్లు ఉన్నపళంగా ఆగిపోతాయి. కరెంటు తిరిగి వచ్చాక ఒక్కో విండోస్ మెషీన్ మళ్లీ లేస్తూ 41, 6008 అనే రెండు నమోదులు వేస్తుంది. ఇరవై మెషీన్లుంటే నలభై మెయిళ్లు. వాటి మధ్య ఒక డిస్క్ నిజంగా పాడైందని చెప్పే మెయిల్ ఎవరి కంటా పడదు. పెద్ద ఐటీ విభాగం లేని ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఒకే మనిషి ఇదంతా చూసుకోవాలి కాబట్టి ఆ నష్టం ఇంకా ఎక్కువ. దీనికి మూడు అమరికలు పనికొస్తాయి: నిర్ణీత వ్యవధిలో వచ్చిన ఒకే రకం అలర్ట్‌లను ఒక్క మెయిల్‌గా కట్టడం, స్విచ్ పడిపోతే దాని వెనకున్న సర్వర్ల అలర్ట్‌లను ఆపడం, మరమ్మతు వేళలను ముందే నమోదు చేయడం. 1102 లాంటి వాటిని మాత్రం ఈ మూడింటి నుంచీ మినహాయించి, ఒక్కటి పడినా వెంటనే కబురు వచ్చేలా పెట్టాలి. సెర్ట్-ఇన్ పేర్కొన్న రకం సంఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన ఉంది కాబట్టి, రాత్రి వచ్చిన అలర్ట్ పొద్దున్నే చూసుకుంటామంటే కుదరదు. మెయిల్ సర్వరే పడిపోతే కబురు వెళ్లేందుకు ఎస్సెమ్మెస్ లాంటి రెండో దారి కూడా కావాలి.

అన్నీ కుదిర్చాక పరీక్ష తప్పనిసరి. ఒక టెస్ట్ ఖాతాతో కావాలనే తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టి అలర్ట్ ఎన్ని నిమిషాలకు వచ్చిందో, అందులోని టైము గోడ గడియారంతో కలిసిందో చూడాలి. ఏదైనా ఒక సర్వర్‌ను గ్లోబల్ సెట్టింగ్స్ నుంచి మినహాయిస్తే కారణం, తేదీ రాసి ఉంచాలి. చివరగా ఈ సెట్టింగుల ఫైలును ఎగుమతి చేసి, మానిటరింగ్ నడిచే మెషీన్‌లో కాకుండా మరోచోట కాపీ దాచాలి.