బాబూమొషాయ్ ఎక్కడికి వెళ్ళాడు?

'ఆనంద్' సినిమా చూడకముందే అందులో డైలాగులు నాకు తెలుసు. మా వయసువాళ్ళు చాలామందికి ఇంతే అయ్యుంటుంది. బతుకు పొడవు కాదు ముఖ్యం అన్న అర్థం వచ్చే ఆ ఫేమస్ మాట, రాజేష్ ఖన్నా నవ్వుతున్న ఫోటోతో సహా, ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా వచ్చి పడుతుంటుంది. దాంతో ఆ సినిమా అంటే కొంచెం చిన్నచూపే ఉండేది నాకు. చావబోయేవాడు బతికున్నవాళ్ళకి క్లాసు పీకే సినిమా అని.

చివరికి చూడ్డానికి కారణం మా హాస్టల్ రూమ్మేట్. అప్పటికి వాడికి కీమో మూడో సైకిల్ నడుస్తోంది. ఒకరోజు ఫోన్లో, "'ఆనంద్' చూశావారా? చూడకు. ఇక్కడ చూడ్డానికొచ్చిన ప్రతివాడూ నన్ను రాజేష్ ఖన్నా అవ్వమంటున్నాడు. నాకేమో వాంతులవుతున్నాయి" అన్నాడు. ఆ రాత్రే చూశాను.

1971లో వచ్చిన ఈ సినిమాకి దర్శకుడు హృషీకేశ్ ముఖర్జీ, మాటలు గుల్జార్. కథ చాలామందికి తెలిసిందే. పేగులకి లింఫోసార్కోమా వచ్చిన ఆనంద్ ఢిల్లీ నుంచి బొంబాయి వస్తాడు. ఇక నెలలే మిగిలాయని వాడికీ తెలుసు. ఆ జబ్బు పేరు ఎంత ఘనంగా ఉందోనని మురిసిపోతాడు కూడా. డాక్టర్ భాస్కర్ బెనర్జీ (అమితాబ్ బచ్చన్) ఇంట్లో మకాం పెడతాడు, అతన్ని బాబూమొషాయ్ అని పిలుస్తాడు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్ళని మురారిలాల్ అని పలకరిస్తూ స్నేహాలు కలుపుకుంటాడు. ప్రేమించిన అమ్మాయితో ఆ మాట చెప్పలేక నలుగుతున్న భాస్కర్‌కి దారి చూపిస్తాడు. తర్వాత చనిపోతాడు.

మావాడి కంప్లైంట్‌లో నిజం ఉంది. ఆనంద్ జబ్బుకి శరీరం లేదు. నొప్పి ఉందని మనకి చెప్తారు, అక్కడక్కడా కాసేపు చూపిస్తారు, అంతలోనే ఇంకో జోకు వస్తుంది. వాడికి హోమ్ లోన్ లేదు, ఇన్సూరెన్స్ వాళ్ళతో గొడవ లేదు, "ఇవాళైనా రెండు ముద్దలు తిను నాన్నా" అని గుమ్మంలో ఏడ్చే అమ్మ లేదు. ఇవన్నీ తీసేశాక మిగిలిన మనిషి ఎంతైనా నవ్వగలడు. చావుని నవ్వుతూ ఎదుర్కోవడం అన్నది మన సినిమాల్లో ఒక అర్హత పరీక్షలా తయారవడంలో ఈ సినిమా వాటా తక్కువేం కాదు. పరీక్ష రాయాల్సింది మాత్రం రోగి. చూడ్డానికొచ్చినవాళ్ళు ఇన్విజిలేటర్లు.

ఇలా తీర్పు ఇచ్చేసి ఊరుకుందును. కానీ సినిమా మొదలయ్యే తీరు నన్ను ఆపింది. మొదటి సీన్లో ఆనంద్ ఉండడు. భాస్కర్ రాసిన పుస్తకానికి బహుమతి ఇస్తున్నారు. ఆ పుస్తకం పేరు 'ఆనంద్'. అంటే ఆ తర్వాత మనం చూసేదంతా ఆనంద్ జీవితం కాదు, స్నేహితుడు డైరీలో రాసి పెట్టుకున్నది. వాంతులు ఎందుకు లేవంటే భాస్కర్ వాటిని రాసుకోలేదు కాబట్టి. అంత నవ్వు ఎందుకుందంటే అతనికి దాచుకోవాలనిపించింది అదే కాబట్టి. సాయంత్రం చీకటి పడుతుంటే ఆనంద్ ఒక్కడే పాడుకునే పాటలో మాత్రం ఆ డైరీకి అందని మనిషి కాసేపు కనిపిస్తాడు.

ఈ కథ పుట్టిందే స్నేహితుడి వైపు నుంచి అని చెబుతారు. రాజ్ కపూర్ ఒకసారి బాగా జబ్బుపడితే, ఎక్కడ పోతాడోనన్న భయంలోంచి హృషీకేశ్ ముఖర్జీకి ఈ ఆలోచన వచ్చిందట. రాజ్ కపూర్ ఆయన్ని పిలిచేది బాబూమొషాయ్ అనే. ఈ సినిమా వచ్చాక రాజ్ కపూర్ ఇంకో పదిహేడేళ్ళు, 1988 దాకా బతికాడు. అంటే 'ఆనంద్' పోయినవాడి మీద రాసిన నివాళి కాదు. పోతాడేమోనని ముందే భయపడినవాడు ఆ భయానికి వేసుకున్న రూపం. అలా చూస్తే ఇందులో హీరో రాజేష్ ఖన్నా కాదు, మూలన మొహం ముడుచుకుని కూర్చున్న బచ్చన్.

ఆ మొహం నాకు బాగా తెలుసు. అది బగ్ దొరికి ఫిక్స్ దొరకనివాడి మొహం. భాస్కర్ క్యాన్సర్ డాక్టరు, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆకలితో వచ్చే జబ్బుకి మందు రాసి ఏం లాభమని పేదల బస్తీలో విసుక్కునేవాడు. అలాంటివాడి ఇంట్లోకే తను బాగుచేయలేని కేసు వచ్చి, నవ్వుతూ కూర్చుంది. అతని కోపమంతా జబ్బు మీద కన్నా ఆ నవ్వు మీదే అనిపిస్తుంది చాలాసార్లు.

నేనూ అదే పని చేశాను. మావాడికి జబ్బని తెలిసిన వారానికి ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ట్రయల్స్, సెకండ్ ఒపీనియన్ కోసం డాక్టర్ల లిస్టు, రంగులతో ప్రయారిటీ. రెండ్రోజులకోసారి ఒక లింకు పంపేవాణ్ణి. వాడు థంబ్స్ అప్ పెట్టేవాడు. నెలయ్యాక, "లింకులాపి ఇంటికి రారా. 2011 ఫైనల్ చూద్దాం" అన్నాడు. హాస్టల్ టీవీ రూమ్‌లో నూటయాభైమంది మధ్య నిలబడి చూసిన మ్యాచ్ అది. మళ్ళీ మొత్తం చూశాం, రెండు ఆదివారాలు పట్టింది. గంభీర్ 97 దగ్గరికి రాగానే వాడు దిండు పట్టుకుని ముందుకి జరిగి, "ఆగు, ఈసారి కొట్టేస్తాడు" అన్నాడు. కొట్టలేదు. ఇద్దరం తిట్టుకున్నాం. వాడి జబ్బు గురించి ఆ రెండు రోజుల్లో మాట్లాడింది ఐదు నిమిషాలుంటుందేమో.

ఇప్పుడు 'ఆనంద్' చివరి సీన్. చాలామందికి టేప్ రికార్డర్ గుర్తుంటుంది. పోయినవాడి గొంతు టేపులోంచి వచ్చి బాబూమొషాయ్ అని పిలవడం, నవ్వడం. నాకు గుర్తుండిపోయింది దానికి ముందు సంగతి. ఆనంద్ చివరిసారి పిలిచినప్పుడు బాబూమొషాయ్ ఇంట్లో లేడు. ఏ మందూ పనిచేయదని ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన డాక్టరు, మందు కోసం బయటికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. ఇన్నాళ్ళూ నా చెవులు తినేశావు, ఇప్పుడు మాట్లాడవేంట్రా అన్నట్టు అతను శవాన్ని దబాయిస్తాడు. అప్పుడే టేపు పలుకుతుంది.

అప్పటిదాకా మెలోడ్రామా మీటరు మీద ఒక కన్నేసి చూస్తున్న నేను అక్కడ ఓడిపోయాను. ఆ గొంతు ఓదార్పు అని నాకనిపించలేదు. సమయానికి లేకపోయినవాడికి, ఆ లేకపోవడాన్ని ఏమాత్రం లెక్కలోకి తీసుకోకుండా వచ్చిన పలకరింపు అది.

2024లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచిన పెడ్రో అల్మోదోవార్ 'ది రూమ్ నెక్స్ట్ డోర్' చూసినప్పుడు ఇది మళ్ళీ గుర్తొచ్చింది. రెండింటికీ పోలికే లేదు. అందులో క్యాన్సర్ ముదిరిన మార్తా తన చావు తేదీని తనే నిర్ణయించుకుంటుంది. పాత స్నేహితురాలు ఇంగ్రిడ్‌ని అడిగేదల్లా అదే ఇంట్లో ఉండమని. తన గది తలుపు మూసి ఉంటే అయిపోయినట్టు. సాయం చేయమనదు, చేయి పట్టుకోమనదు. ఇక్కడ రాజేష్ ఖన్నా నవ్వు లేదు, మార్తా చిరాకు పడుతుంది, భయపడుతుంది, పాత సినిమాలు చూస్తుంది. ఒకసారి గాలికి తలుపు మూసుకుంటే ఇంగ్రిడ్ గుండె జారిపోతుంది. తీరా అసలు రోజు వచ్చేసరికి ఆమె కూడా ఇంట్లో లేదు. బయట ఒకతనితో భోజనానికి వెళ్ళి తిరిగొస్తుంది, తలుపు మూసి ఉంటుంది.

యాభై ఏళ్ళ తేడాతో వచ్చిన రెండు సినిమాలు. ఒకటి ఏడిపించడానికి సిగ్గుపడదు, ఇంకోటి కన్నీటి చుక్క రాలకుండా జాగ్రత్తపడుతుంది. రెండూ స్నేహితుణ్ణి ఆ క్షణానికి బయటికి పంపించేశాయి. దీన్ని నేను స్క్రీన్‌ప్లే సౌకర్యం అనుకోవట్లేదు. పక్కన ఉండడం అంటే చివరి నిమిషానికి డ్యూటీలో ఉండడం అన్న మన లెక్క తప్పని రెండూ చెప్తున్నాయి. ఆనంద్‌తో భాస్కర్ ఉన్నది ఆ నెలలన్నీ, విసుక్కుంటూనైనా. మార్తాతో ఇంగ్రిడ్ ఉన్నది తలుపు తెరిచి ఉన్న ప్రతి పొద్దునా. చివరి నిమిషం ఎవరి చేతిలోనూ లేదు.

మావాడు పోయినప్పుడు నేను ఒక రివ్యూ మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది, పదకొండు మిస్డ్ కాల్స్. పైన రాసిందంతా అందుకే రాసుకున్నానేమో అని ఎవరైనా అడిగితే, కాదని గట్టిగా చెప్పలేను. విమర్శ రాసేవాడు ఇలాంటివి పక్కన పెట్టి రాయాలంటారు. ఈ సినిమా విషయంలో నా వల్ల కాలేదు.

ఇదంతా తెలిసినా 'ఆనంద్' మీద నా ఫిర్యాదు పోలేదు. ఆ నవ్వుకి అంత వెలుతురు పెట్టకుండా ఉండాల్సింది. మంచం మీదున్నవాడికి ఎవరూ ఆ సినిమా పంపకండి. చూడాల్సింది మంచం పక్కన కూర్చున్నవాడు.

ఈ మాట వాడితోనే అన్నాను, రెండో ఆదివారం, ధోనీ సిక్స్ అయ్యాక. "నువ్వు చెప్పింది కరెక్టే కానీ, ఆ సినిమా నీ గురించి కాదురా, నా గురించి" అన్నాను.

వాడు రిమోట్ వెతుక్కుంటూ, "అయితే నువ్వే చూస్కో. నాకు గంభీర్ అవుటైన బాల్ మళ్ళీ పెట్టు" అన్నాడు.